తాళంచెవి

చందా మొత్తం డెబ్బై ఎనిమిది దీనార్లు.
దీనమ్మ అయిదు, సుశీలక్క రెండు,
లాండ్రీ కుర్రాళ్లు తలా ఒకటి,
పేరు రాయొద్దన్న మనిషిది ఇరవై.
ఆ నోటు ఎక్కడ దాగిందో గానీ
ఇంకా మడత వదల్లేదు, మసాలా వాసన కూడా.

అబ్బాసియాలో మా బేస్‌మెంటు ప్రార్థనకి
మూడేళ్లుగా తలకిందులుగా పెట్టిన పెయింటు డబ్బానే డ్రమ్ము.
రాహేలు దాన్ని రెండు చెక్క గరిటెలతో వాయిస్తుంటే
ఎవరికీ నవ్వు రాలేదు.
అయినా దేవుడికి ఎన్నాళ్లు డబ్బా వినిపిస్తాం?

శుక్రవారం సంతకి నా వ్యాన్లో ముగ్గురం:
నేను, రాహేలు, గిటారు నేర్చుకుంటున్న ఇమ్మానుయేలు.
ఆమెకి అయిదింటి దాకే సెలవు.
అయిదూ అయిదుకి మేడమ్ ఫోన్ చేస్తుంది.

రేకుల కింద తివాచీలు, పావురాల గూళ్లు,
ఎవరో ఖాళీ చేసి వెళ్లిన సోఫాలు,
వాటి నడుమ ఎర్రగా తళతళలాడుతూ ఒక సెట్టు.
ఇమ్మానుయేలు అక్కడే పాతుకుపోయాడు.
"కొత్తదన్నా! అరవై అయిదే! స్టూలు కూడా ఇస్తాడంట!"

రాహేలు వంగి, కుండల అంగట్లో మాదిరి
మధ్యవేలు మడిచి ఒక మొట్టికాయ వేసింది.
"మెరుపుండాది. కడుపులో ఏం లేదు."
తాళాన్ని గోటితో మీటింది.
అన్నం కంచం జారిపడ్డట్టు మోగి, చచ్చిపోయింది.
"మన డబ్బాకి చెల్లెలే ఇది. రంగేసుకొనొచ్చింది."

కోడూరు దగ్గర ఆమె నాయన పలక కొట్టేవాడు,
చావుకీ జాతరకీ ఒకే పలక.
మంట దగ్గర దాన్ని కాచేటప్పుడు
కూతుర్ని పక్కన కూచోబెట్టుకొని వినమనేవాడంట.
ఆడపిల్లని పుల్ల మాత్రం ముట్టనీలేదు.

చివరి వరసలో ఒక ఫిలిప్పీనో, రొడెల్.
హోటల్ బ్యాండు మూతపడి ఊరికి పోతున్నాడు.
అతని సెట్టు రంగు చూస్తే వాననీళ్ల గుంట.
స్టాండ్లకి సముద్రపుగాలి తుప్పు,
ఒక కాలు ఇంకెక్కడిదో తెచ్చి అతికించింది.
అడిగిన ధర తొంభై అయిదు.

రాహేలు పెద్ద డ్రమ్ములోకి తల దూర్చింది.
అంచు చుట్టూ వేలు తిప్పింది, పాలగిన్నెకి
సొట్ట పడిందా అని చూసుకున్నట్టు.
"తుప్పు పైపైనే. చెక్క బాగుండాది."
తర్వాత తాళం మీద ఒక్క దెబ్బ.
అది మోగింది, మోగుతూనే
పక్క కొట్టువాడి టీ గ్లాసుల్లోకి వెళ్లింది.

రొడెల్ జేబులోంచి చిన్న ఇనుప ముక్క తీశాడు.
మర ఒకటి బిగించి, దాని ఎదురుది బిగించి, కొట్టాడు.
సద్దు ఒక మెట్టు ఎక్కింది.
ఆమె నోరు తెరుచుకొని చూసింది.
"మంట లేకుండానే?"
నేను సగం అరబ్బీలో, సగం హిందీలో చెప్పాను.
అతనికి మంట సంగతి అర్థం కాలేదు,
తాళంచెవి మాత్రం ఆమె చేతిలో పెట్టాడు.

బేరం ఎనభై అయిదు దగ్గర మొరాయించింది.
డెబ్బై ఎనిమిదీ పరిచి చూపించాం.
ఇమ్మానుయేలు ఎర్రసెట్టు వైపే చూస్తున్నాడు.
రాహేలు ఒక చిన్న డ్రమ్మును విప్పి పక్కన పెట్టింది.
"ఇది నువ్వే ఉంచుకో. తాళాలు మాత్రం ఇయ్యే కావాలి."
"ఒకటి తక్కువైతే సెట్టెట్లా అవుతుందక్కా?"
"మా నాయనకి ఉండిందే ఒకటి."

నోట్లు లెక్కపెట్టుకొని
రొడెల్ ఆ మడత నోటును విడిగా పర్సులో పెట్టుకున్నాడు.

నాలుగూ నలభై.
పెద్ద డ్రమ్ము వెనక పట్టలేదు.
రాహేలు ఒళ్లో పెట్టుకుంటే
సీటు బెల్టు ఇద్దరికీ చాల్లేదు.
రోడ్డు గతుకు వచ్చినప్పుడల్లా
దాని కడుపులోంచి ఒక మాట, ఆమె ముఖంలో ఒక జవాబు.

విల్లా గేటు ముందు దిగింది.
సెట్టు నా వెంట బేస్‌మెంటుకి పోవాలి,
వచ్చే శుక్రవారం దాకా దానికి గుడ్డ కప్పాలి.
తాళంచెవి ఏదని అడిగాను.
యూనిఫాం జేబు తట్టి చూపించింది,
స్టోర్‌రూమ్ తాళాల పక్కన.

అప్పుడే ఫోన్ మోగింది.
"వస్తున్నా మేడమ్" అంటూనే
ఎడమ మడమ మెట్టు మీద రెండుసార్లు తట్టి
లోపలికి వెళ్లిపోయింది.